ముఖం మీద సిస్ట్ తీయించుకోవాలి: మచ్చ తక్కువ పడాలంటే ఏమేం చూసుకోవాలి?

గోరింట
అందరికీ నమస్కారం. ఎడమ చెంప మీద, చెంప ఎముకకు కాస్త కింద, చర్మం లోపల గుండ్రటి గడ్డ ఒకటి ఉంది. కొన్నేళ్లుగా అలాగే ఉండి మెల్లగా పెరిగింది. ఇప్పుడు సెంటీమీటరు దాటింది. నొక్కితే అటూ ఇటూ కదులుతుంది, మధ్యలో నల్లటి చుక్క కనబడుతుంది. పోయిన వేసవిలో ఉన్నట్టుండి ఎర్రగా వాచి, మందులు వాడాక తగ్గింది. ప్రమాదం లేని సిస్టే, తీసేస్తే మంచిదని ఇద్దరు డాక్టర్లూ అన్నారు. తేడా అల్లా పద్ధతిలోనే. ఒకరు చిన్న రంధ్రం పెట్టి తీస్తానన్నారు. ఇంకొకరు కంటి ఆకారంలో కోసి మొత్తంగా తీయాలన్నారు.

నాది చామనఛాయ. చిన్న గాయమైనా నల్లమచ్చ నెలల తరబడి పోదు. గడ్డ పోతుందని సంతోషపడాలో, దాని చోట గీత మిగులుతుందని దిగులుపడాలో తెలియడం లేదు. ఈ దారి నడిచినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

స్థిరచిత్తం
నాకు దవడ అంచున ఉండేది, తీయించుకుని చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరైనా దగ్గరకు వచ్చి వెతికితే తప్ప గీత కనబడదు. అయితే మొదటి కొన్ని నెలలూ ఎర్రగా, గట్టిగా ఉంది. అప్పుడు అద్దం చూసుకుని చాలా బాధపడ్డాను. ఆ దశ అందరికీ వస్తుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత కుంగిపోయేదాన్ని కాదు, అందుకే మీకు ముందే చెబుతున్నాను.

చర్మవైద్యం
గోరింట గారూ, చర్మానికి సంబంధించిన శస్త్రచికిత్సలు చేయడం నా వృత్తి. మిమ్మల్ని చూడకుండా మీ గడ్డ గురించి తీర్పు చెప్పలేను. మీరు రాసిన లక్షణాలు మాత్రం ఎపిడెర్మాయిడ్ సిస్ట్‌వే. చాలామంది దీన్ని కొవ్వు గడ్డ అనుకుంటారు గానీ లోపల కొవ్వు ఉండదు. చర్మం పైపొర కణాలు లోపలికి చేరి ఒక సంచి కడతాయి. చర్మం పైన రాలిపోవలసిన కెరటిన్ అనే ప్రొటీన్ ఆ సంచి లోపల రాలి పేరుకుంటుంది. తెల్లగా, ముద్దగా, వాసన వేసే పదార్థం అదే. మధ్యలో నల్లచుక్క ఆ సంచి బయటికి తెరుచుకునే నోరు.

దీన్నిబట్టే మిగతాదంతా అర్థమవుతుంది. లోపలి పదార్థాన్ని ఎంత పిండేసినా సంచి గోడ మిగిలితే అది మళ్లీ నింపుకుంటుంది. అందుకని ఆపరేషన్ లక్ష్యం సంచిని పూర్తిగా, వీలైతే పగలకుండా, బయటికి తేవడం. మచ్చ గురించి ఆలోచించేటప్పుడు కూడా ఇది మరిచిపోకూడదు. చిన్న గాటు మీద మోజుతో సంచి ముక్క లోపల వదిలేస్తే రెండోసారి కోయాల్సి వస్తుంది. రెండోసారి కోత సాధారణంగా మొదటిదానికంటే పెద్దదే.

ఇక సమయం. సిస్ట్ వాచి ఎర్రగా ఉన్నప్పుడు తీయించుకోకండి. వాపుకు కారణం ప్రతిసారీ సూక్ష్మజీవులే కాదు. సంచి గోడ లోపల చిట్లి కెరటిన్ చుట్టూ ఉన్న కండలోకి కారితే శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి ఎదురు తిరుగుతుంది. అప్పుడు గోడ పెళుసుగా, చుట్టూ అతుక్కుపోయి ఉంటుంది. సంచి ఎక్కడ ముగిసిందో, మంచి కణజాలం ఎక్కడ మొదలైందో కత్తి పట్టినవాడికి తెలియదు. నిజంగా చీము పడితే చిన్న గాటు పెట్టి దాన్ని వదిలిస్తాం. చీము లేని వాపైతే కొన్నిసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ లోపలికి ఇస్తాం. పూర్తిగా చల్లబడ్డాక, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అప్పుడు తీస్తాం. మీది తగ్గి చాలా నెలలైంది కాబట్టి ఇప్పుడు అనువైన సమయమే. మళ్లీ వాచేదాకా ఆగకండి.

ప్రశ్నార్థకం
అసలు తీయించుకోవడం ఎందుకు? ప్రమాదం లేనిదని అందరూ అంటున్నారు కదా. నాకు మెడ వెనక ఒకటి ఉంది, దాని జోలికి నేను వెళ్లను, నా జోలికి అది రాదు.

చర్మవైద్యం
అలా వదిలేయడం కూడా సరైన నిర్ణయమే, ప్రశ్నార్థకం గారూ. నొప్పి లేకుండా, పెరగకుండా, మనసుకు ఇబ్బంది లేకుండా ఉంటే ఎవరూ బలవంతపెట్టరు. ముఖం మీద లెక్క వేరు. ఒకసారి వాచినది మళ్లీ వాచే అవకాశం ఉంది. లోపల పగిలిన ప్రతిసారీ చుట్టూ గట్టి కణజాలం ఏర్పడి ఆ తర్వాతి కోతను పెద్దది చేస్తుంది. ఒక్కోసారి ఆపరేషన్ లేకుండానే గుంట మచ్చ మిగులుతుంది. అందువల్ల చెంప మీద చిన్నదిగా, ప్రశాంతంగా ఉన్నప్పుడే తీయమంటాను.

త్వరగా చూపించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రాయిలా గట్టిగా, కింది కణజాలానికి అతుక్కుపోయి ఉండటం, వారాల్లోనే గబగబా పెరగడం, మీద పుండు పడి మానకపోవడం, మాటిమాటికీ రక్తం కారడం, ముఖంలో ఒకవైపు కదలిక తగ్గడం. చెవికి ముందు గానీ కింద గానీ ఉన్న గడ్డ చర్మంలోదని తొందరపడి అనుకోకూడదు. అక్కడ పరోటిడ్ అనే లాలాజల గ్రంథి ఉంది, దానిలో నుంచే ముఖాన్ని కదిలించే ముఖ నరం కొమ్మలుగా విడిపోతుంది. అక్కడి గడ్డకు ముందు స్కాన్ తీసి, చెవి ముక్కు గొంతు సర్జన్‌కు గానీ తల మెడ శస్త్రచికిత్స చేసేవారికి గానీ చూపించాలి.

అమ్మమాట
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకు కనుబొమ చివర పుట్టినప్పటి నుంచీ చిన్న ఉబ్బు ఉంది. అదీ ఇలాంటిదేనా?

చర్మవైద్యం
అమ్మా, ఆ చోట పుట్టుకతో ఉన్నదంటే ముందు గుర్తొచ్చేది డెర్మాయిడ్ సిస్ట్. గర్భంలో ముఖం భాగాలు కలిసే గీతల దగ్గర చర్మం కణాలు లోపల చిక్కుకుపోయి ఏర్పడుతుంది. కనుబొమ బయటి చివర దానికి బాగా అలవాటైన చోటు. చాలావరకు ఎముక మీది పొర దాకా ఉంటుంది కాబట్టి పైపైన తీసే గడ్డ కాదు. పిల్లల సర్జన్‌కో ప్లాస్టిక్ సర్జన్‌కో చూపించండి. ఎవరైనా చదువుతున్నవారి పిల్లలకు ముక్కు మీద, సరిగ్గా నడిమి గీతలో, ఉబ్బు గానీ చిన్న రంధ్రం గానీ ఉంటే మాత్రం స్కాన్ లేకుండా ఎవరినీ చేయి పెట్టనివ్వకండి. వాటిలో కొన్నిటి వేరు పుర్రె లోపలిదాకా పోతుంది.

అమ్మమాట
చాలా ధన్యవాదాలండీ. వీడిది కనుబొమ చివరే. డాక్టర్ దగ్గరికి తీసుకెళతాను.

నీటిబొట్టు
గోరింట గారు అడిగిన రంధ్రం పద్ధతి నేను చేయించుకున్నాను. ముక్కు పక్కన చిన్న సిస్ట్. రెండు మూడు మిల్లీమీటర్ల గాటు, లోపలిది పిండేసి, ముడుచుకున్న సంచిని సన్నటి పటకారుతో బయటికి లాగారు. ఒక్క కుట్టు. మచ్చ ఇప్పుడు చర్మ రంధ్రంలా కనబడుతుంది. నాది అంతకుముందు ఎప్పుడూ వాచలేదు, అది చెప్పాలి.

గోరింట
నాది వాచింది కదా, మరి నాకు పనికొస్తుందా? ఆ డాక్టర్ పరీక్షించి కూడా చేస్తాననే అన్నారు.

చర్మవైద్యం
నీటిబొట్టు గారి చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. వాచని సిస్ట్ సంచి చుట్టూ వదులుగా ఉంటుంది, రంధ్రంలోంచి జారి వస్తుంది. ఒకసారి వాచి తగ్గినదాని గోడ కొన్నిచోట్ల అతుక్కుని ఉండొచ్చు. అలాగని చేయకూడదని కాదు. మీ గడ్డ ఇప్పటికీ అటూ ఇటూ కదులుతోందంటే ప్రయత్నించదగ్గదే. ఆ డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: "సంచి పూర్తిగా రాకపోతే అప్పుడే గాటు పెంచి తీస్తారా, లేక అక్కడితో ఆపేస్తారా?" పెంచి తీస్తానన్న డాక్టర్‌తో చిన్న గాటుతో మొదలుపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

కంటి ఆకారపు కోత సంగతి. అది చూడటానికి గడ్డ కంటే పొడవుగా ఉంటుంది, అందరూ అక్కడే భయపడతారు. పొడవు వెడల్పుకు మూడింతలు ఉంచడం పాత నియమం. అంతకంటే పొట్టిగా కోసి కుట్టేస్తే రెండు చివర్లా చర్మం ఎత్తుగా ముడుచుకుంటుంది. గీత కాస్త పొడవైనా చదునుగా ఉంటే కన్ను దాన్ని పట్టుకోదు. పొట్టిగా ఉండి ఉబ్బెత్తుగా ఉన్నదాన్ని వెంటనే పట్టుకుంటుంది. పైగా సిస్ట్‌కు గడ్డంత వెడల్పున చర్మం కోయనక్కర్లేదు. నల్లచుక్క చుట్టూ సన్నటి ముక్క తీసి మిగిలిన చర్మాన్ని సంచి మీద నుంచి విడదీస్తే చాలు, కోత అంతమేరకు చిన్నదవుతుంది.

పొడవు కంటే నాకు ముఖ్యం దిక్కు. చర్మంలో లాగుడు ఒక దిశలో ఎక్కువ, ఇంకో దిశలో తక్కువ. ఆస్ట్రియా శరీర నిర్మాణ శాస్త్రవేత్త కార్ల్ లాంగర్ 1861లోనే శవాల చర్మానికి గుండ్రటి రంధ్రాలు పొడిచి, అవి సాగి నిలువుగానో అడ్డంగానో మారడం చూసి ఆ గీతల పటం వేశాడు. ఇప్పుడు బతికున్న ముఖం మీద సడలిన చర్మపు గీతల్నే చూస్తాం. నుదుటి మీద అడ్డంగా, కంటి మూల నుంచి కిరణాల్లా, ముక్కు పక్క నుంచి నోటి మూలకు దిగే మడతకు సమాంతరంగా. ఆ గీతల వెంట కోస్తే కండరాలు గాయాన్ని విడదీయవు. ఆ గీతలకు అడ్డంగా కోస్తే మాట్లాడిన ప్రతిసారీ, నవ్విన ప్రతిసారీ మచ్చ సాగుతుంది. మత్తు ఇవ్వకముందే మిమ్మల్ని కూర్చోబెట్టి, నవ్వమని, కన్ను గట్టిగా మూయమని చెప్పి పెన్నుతో గీత గీసుకునే డాక్టర్ దొరికితే మీ అదృష్టం. మత్తు మందు ఎక్కాక చర్మం ఉబ్బి ఆ గీతలు కనబడవు.

వార్డుదీపం
చాలా ఏళ్లు చిన్న ఆపరేషన్ల గదిలో నర్సుగా పనిచేశాను. ఆ రోజు ఎలా ఉంటుందో నేను చెబుతాను, ఎందుకంటే భయం సగం తెలియనితనం వల్లే.

పూర్తి మత్తు ఉండదు. ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా చేసే లిడోకెయిన్ ఇంజెక్షన్ ఒక్కటే. అది ఎక్కించేటప్పుడు కొన్ని క్షణాలు బాగా మండుతుంది, మందు ఆమ్ల గుణం వల్ల. సన్నటి సూదితో నిదానంగా ఇస్తే మంట తగ్గుతుంది, కొందరు ఆమ్ల గుణం తగ్గేలా సోడియం బైకార్బొనేట్ కలిపి ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి. అందులో అడ్రినలిన్ కూడా ఉంటే రక్తనాళాలు ముడుచుకుని రక్తం తక్కువ కారుతుంది. ఆ ప్రభావానికి కొన్ని నిమిషాలు పడుతుంది, డాక్టర్ ఊరికే ఆగినట్టు అనిపిస్తే కారణం అదే. గుండె కాస్త దడదడలాడొచ్చు. ఆ తర్వాత నొప్పి తెలియదు. లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. నొప్పి తెలిస్తే వెంటనే చెప్పండి, ఇంకాస్త మందు ఇస్తారు. ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు.

రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి. ఇంత చిన్న ఆపరేషన్‌కు చాలాసార్లు ఆపనక్కర్లేదు, ఆపితే గుండెకో మెదడుకో వచ్చే ముప్పు పెద్దది.

కుట్లు రెండు వరసలు వేస్తారు. లోపల కరిగిపోయేవి, అవే బరువు మోసేవి. పైన వెంట్రుకంత సన్నటి నైలాన్. పై కుట్లు ముఖం మీద ఐదు నుంచి ఏడు రోజుల్లో తీసేయాలి, కనురెప్ప మీదైతే ఇంకా ముందే. పని ఉందనో సెలవు దొరకలేదనో వాయిదా వేసి రెండు వారాలకు వచ్చేవాళ్లను చూశాను. గీత అందంగానే మానినా దాని పొడవునా కుట్ల చుక్కలు నిచ్చెన మెట్లలా మిగిలిపోయేవి. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేటప్పుడే కుట్లు తీసే తేదీ కూడా రాయించుకోండి.

ఇంటికి వెళ్లాక మొదటి రోజు కట్టు తడవనివ్వకండి. తల కింద ఎత్తుగా దిండు పెట్టుకుని పడుకోండి. చెంప, కంటి కింద వాపు రావడం, కమలడం సహజం. రక్తం ఊరితే శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు తీయకుండా అదిమి పట్టాలి, మధ్యమధ్య ఎత్తి చూడకూడదు. అప్పటికీ ఆగకపోయినా, గాయం కింద బిగుతుగా ఉబ్బుతున్నా వెంటనే ఫోన్ చేయండి. మరుసటి రోజు నుంచి మామూలు సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, వాజెలిన్ పలచగా రాయండి.

ప్రశ్నార్థకం
వాజెలిన్ ఏమిటండీ? గాయాన్ని ఆరనిస్తే పెచ్చుకట్టి త్వరగా మానుతుందని కదా అందరూ చెప్పేది. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ అయినా రాయాలి కదా.

చర్మవైద్యం
పెచ్చు గాయానికి అడ్డం. కొత్త చర్మ కణాలు తడి మీదుగా సులువుగా జరుగుతాయి, ఎండిన పెచ్చు ఉంటే దాని కింద తవ్వుకుంటూ పోవాలి. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద ఇది చూపించాడు. ఆయింట్‌మెంట్ విషయంలో 1996లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తెల్ల పెట్రోలియం జెల్లీని, అంటే వాజెలిన్ లాంటిదాన్ని, బాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌తో పోల్చింది. శుభ్రంగా చేసిన చర్మపు ఆపరేషన్లలో ఇన్ఫెక్షన్ రేటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా బాసిట్రాసిన్, నియోమైసిన్ లాంటివి కొందరికి ఎలర్జీ తెప్పిస్తాయి. ఎర్రగా దురదగా మారితే ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకా రాస్తారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా రోజూ పోయకండి, మానుతున్న కణాలకే దెబ్బ.

స్థిరచిత్తం
నేను విటమిన్ ఇ గొట్టాలు కోసి రాసేదాన్ని. ఒంటికి పడింది, మచ్చా తగ్గింది. దానివల్లే అని నా నమ్మకం.

చర్మవైద్యం
స్థిరచిత్తం గారూ, మీకు పడినందుకు సంతోషం. కానీ దాన్ని ఇతరులకు సిఫారసు చేయలేను. 1999లో ఆపరేషన్ మచ్చల మీద విటమిన్ ఇ పరీక్షించినప్పుడు మచ్చ మెరుగుపడలేదు, రాసుకున్నవారిలో దాదాపు మూడోవంతు మందికి చర్మం రియాక్షన్ ఇచ్చింది. మచ్చలు వాటంతటవే తగ్గుతాయి. ఆ కాలంలో ఏది రాసుకున్నా పేరు దానికే వస్తుంది.

సిలికోన్ సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. జెల్ అయినా, అంటించుకునే షీట్ అయినా ఉబ్బే మచ్చల్ని కొంత అదుపులో పెడుతుందని ఆధారాలు ఉన్నాయి, అవి అంత బలమైనవి కావు. హాని తక్కువ కాబట్టి వాడమంటాను. గాయం పూర్తిగా మూసుకున్నాక, అంటే సుమారు రెండు వారాలకు మొదలుపెట్టి, రోజుకు పన్నెండు గంటలైనా ఉండేలా, రెండు మూడు నెలలు. కాగితపు టేప్ గీత వెంబడి అంటించుకున్నా గాయం మీద లాగుడు తగ్గుతుంది.

మనలాంటి చర్మ ఛాయ ఉన్నవాళ్లకు వీటన్నిటికంటే ముఖ్యం ఎండ. మచ్చ నల్లబడటానికి, ఆ నలుపు నెలలు నిలవడానికి ఎండే ఆజ్యం. గాయం మూసుకున్నాక ఎస్‌పీఎఫ్ 30 లేదా పై సన్‌స్క్రీన్, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి. దానికి తోడు టోపీ. పొగ తాగేవాళ్లు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కొన్ని వారాలైనా మానాలి. నికోటిన్ చర్మపు రక్తనాళాలను ముడిచేస్తుంది, గాయం అంచులకు రక్తం అందదు.

ఆకుజాడ
నాకు చెవి కుట్టించుకున్న చోట కీలాయిడ్ వచ్చింది. ఇప్పుడు నుదుటి మీద సిస్ట్. అసలు కత్తి పెట్టించుకోవచ్చా?

చర్మవైద్యం
పెట్టించుకోవచ్చు, కానీ మొదటి భేటీలోనే ఆ చెవి చూపించండి. గాయం హద్దు దాటి చుట్టూ ఉన్న మంచి చర్మంలోకి పాకేది కీలాయిడ్. గాయం గీతలోనే ఉబ్బి ఉండేది హైపర్‌ట్రోఫిక్ మచ్చ, అది కాలంతో కొంత అణుగుతుంది. ఛాతీ, భుజాలు, చెవి తమ్మె, దవడ అంచు కీలాయిడ్‌కు ఎక్కువ అనువైన చోట్లు. నుదుటి మధ్య, కనురెప్పలు, ముక్కు దగ్గర అరుదు. అంటే మీకు ముప్పు ఉంది గానీ తలుపులు మూసుకుపోలేదు. లాగుడు లేకుండా కుట్టడం, తొందరగా సిలికోన్ మొదలుపెట్టడం, కొన్ని వారాలకు ఉబ్బుతున్న జాడ కనబడగానే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్. మీరు ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో పరీక్షలకు తప్పకుండా వెళ్లాలి. కీలాయిడ్ పెద్దదయ్యాక అణచడం చాలా కష్టం.

గోరింట
అందరికీ ధన్యవాదాలు. తీయించుకున్నాను. మీరు చెప్పిన ప్రశ్న అడిగితే, చిన్న గాటుతోనే మొదలుపెడతాను, రాకపోతే పెంచుతాను అన్నారు ఆ డాక్టర్. లోపల ఒకవైపు అతుక్కుని ఉందట, గాటు పెంచాల్సి వచ్చింది. సంచి మొత్తం వచ్చింది, నాకు చూపించారు కూడా. కూర్చోబెట్టి నవ్వించి మరీ గీత గీశారు. వారంలోపే కుట్లు తీశారు. బయాప్సీ రిపోర్టులో ఎపిడెర్మాయిడ్ సిస్ట్ అనే ఉంది.

ఇప్పుడు నెల దాటింది. కుట్లు తీసిన రోజు సన్నటి గీత చూసి మురిసిపోయాను. ఇప్పుడు అదే ఎర్రగా, తాడులా గట్టిగా తగులుతోంది. పక్కన కాస్త తిమ్మిరి. ఎక్కడో తేడా కొట్టిందా?

వార్డుదీపం
రిపోర్టు మంచిగా వచ్చినందుకు చాలా సంతోషం తల్లీ. తీసిన ప్రతి గడ్డనూ పరీక్షకు పంపించాలని నేను మొదటి నుంచీ పట్టుబట్టేదాన్ని. చూడటానికి సిస్ట్‌లా ఉండి కాకపోయిన సందర్భాలు తక్కువే, కానీ ఉన్నాయి.

చర్మవైద్యం
తేడా ఏమీ కొట్టలేదు. గాయం పైకి మూసుకోవడం వేరు, లోపల బలపడటం వేరు. మొదటి వారానికి గాయానికి మామూలు చర్మపు బలంలో సుమారు 3 శాతమే ఉంటుంది, మూడు వారాలకు 20 శాతం, మూడు నెలలకు 80 శాతం దాకా. ఆ పైన పెరగదు. ఈ మధ్యకాలంలో శరీరం చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను గబగబా పోస్తుంది, అందుకే మచ్చ ఎర్రబడి గట్టిపడుతుంది. ఆ తర్వాత దాన్నే నెమ్మదిగా సర్దుకుంటుంది. మచ్చ పూర్తిగా స్థిరపడటానికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర. ఈ మధ్యలో లేజర్ చేయిస్తాం, మళ్లీ కోయిస్తాం అని ఎవరైనా తొందరపెడితే రెండో అభిప్రాయం తీసుకోండి. ఎరుపు మరీ ఎక్కువగా ఉంటే కొన్ని లేజర్లు ముందే పనికొస్తాయి, అది మీ డాక్టర్ చూసి నిర్ణయించాలి.

తిమ్మిరి చర్మపు సన్న నరాలు తెగినందువల్ల. చాలావరకు నెలల్లో తగ్గుతుంది. నవ్వినప్పుడు నోరు రెండు వైపులా సమానంగా కదులుతోందా, కన్ను పూర్తిగా మూసుకుంటోందా చూసుకోండి. కదలికలో తేడా లేదంటే ముఖ నరానికి ఏమీ కాలేదు.

గోరింట
రెండూ బాగానే ఉన్నాయండీ. మసాజ్ చేయొచ్చా?

వార్డుదీపం
చేయొచ్చు. గాయం పూర్తిగా మూసుకుని, ఎక్కడా పెచ్చు లేకపోతే చాలు. వేలి కొసతో గట్టిగా అదిమి, వేలు చర్మం మీద జారకుండా, చర్మమే కింది కండ మీద కదిలేలా. రోజుకు రెండుసార్లు, కొద్ది నిమిషాలు. రాసుకోవడానికి మామూలు మాయిశ్చరైజర్ సరిపోతుంది. నొప్పి పుట్టేంత వద్దు. పగలు సన్‌స్క్రీన్, రాత్రి సిలికోన్ అని పంచుకుంటే రెండూ ఒకదాని మీద ఒకటి జారిపోకుండా ఉంటాయి. మూడు నెలలకు ఒకే వెలుతురులో ఫొటో తీసి ఇక్కడ చెప్పండి. రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు తెలియదు.